ఇంజిన్ తల కొట్టుకునే చప్పుడు

ఆ ఏడు ఎండాకాలం మా కొండల్లో కీచురాళ్ళు కూయలేదనే అనుకున్నాను.

జూలై రెండో వారం, మంగళవారం. నీవెస్ పెరట్లో ఆమె బండి బానెట్ ఎత్తి పని చేస్తున్నాను. నీవెస్ మా బళ్ళకు సీట్లు కుట్టే మనిషి. తోలు పనిలో మోదెన పట్టణం నుంచి పవుల్లో దాకా ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమెకూ ఒక ఫల్కెట్టా బండి ఉంది, తెల్లది. మొగుడు పోయాక అమ్మెయ్యమని అందరూ చెప్పారు. ఆమె సీటు నాలుగు వేళ్ళు ముందుకు జరిపి కుట్టుకుని తనే తోలుకుంటోంది.

"అబ్బ, ఈ కీచురాళ్ళు! పొద్దున్నించీ ఒకటే రొద. చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది," అంది.

నేను తల ఎత్తాను. "ఎక్కడ?"

"ఎక్కడేంటయ్యా? నీ నెత్తి మీదే. చెట్టంతా అవేగా."

పైన అక్రోటు చెట్టు. ఆకు కదలడం లేదు. ఆమె కుట్టుమిషను చప్పుడు నాకు వినిపిస్తోంది. వీధిలో పోతున్న ట్రాక్టరు వినిపిస్తోంది. చెట్టు మాత్రం మూగగా ఉంది.

"అవును. ఎక్కువే ఉన్నాయి," అన్నాను.

"ఏంటి మేస్త్రీ, మొహం అలా పాలిపోయింది?"

"ఎండ."

పని సగంలో ఆపి ఇంటికి వచ్చాను. చేతిగడియారం విప్పి చెవికి ఆనించాను. కుడి చెవికి ఏమీ లేదు. ఎడమ చెవికీ ఏమీ లేదు. గడియారం ఆగిపోయిందేమోనని చూశాను. ముల్లు తిరుగుతూనే ఉంది. చలికాలం నుంచీ మా ఆవిడ టీవీ గొంతు తగ్గించమని పోరుతోంది. ఆమెకే చాదస్తం పెరిగిందనుకున్నాను.

ఆ తర్వాత నా స్నేహితుడు లెయార్కో బండి గుర్తొచ్చింది. అప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు.

ఫల్కెట్టా అంటే రెండు సీట్ల పందెం బండి. కింద లోయలో ఉన్న ఫ్యాక్టరీలో అరవై ఆరు నుంచి డెబ్బై దాకా చేశారు. మూడు వందల పైచిలుకు. ఇంజిన్లు బిగించే గదిలో నేను పని చేశాను. ఫ్యాక్టరీ మూసేసిన రోజున చివరి జీతం బదులు తలుపులు లేని బండి ఒకటి ఇచ్చారు. ఆ తలుపులు సంపాదించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మా ఆవిడ నా నడుముకు చెయ్యి చుట్టి కూర్చునేది. తలుపులు వచ్చాక చెయ్యి తీసేసింది.

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ఇరవై దాకా తిరుగుతున్నాయి. వానొస్తే కప్పు కారుతుంది. ఎండ కాస్తే ఇంజిన్ వేడికి కాళ్ళు కమిలిపోతాయి. సీటు నేలకు జానెడెత్తు. దారిన పోయే కుక్క మన మొహంలోకి మొహం పెట్టి చూస్తుంది. దిగేటప్పుడు ముందు ఒక చెయ్యి రోడ్డు మీద ఆనించాలి, తర్వాత మోకాలు, తర్వాత మిగతా మనిషి. ముప్ఫై ఏళ్ళప్పుడు అదో షోకు. డెబ్బై దాటాక అదో యజ్ఞం. అయినా ఎవడూ అమ్మడు. ఒకవేళ అమ్మినా ఆరు నెలలు తిరక్కుండా అదే బండి ఎక్కడుందో వెతుక్కుంటూ బయలుదేరతాడు. ఈ బళ్ళన్నిటికీ ఇంజిన్ సరిచేసేది నేనే.

మా బళ్ళలో నిప్పు ఎప్పుడు పడాలో ఇంజిన్ పక్కనున్న డిస్ట్రిబ్యూటర్ తేలుస్తుంది. దాన్ని గోరంత ఇటు తిప్పితే నిప్పు ముందుగా పడుతుంది. అటు తిప్పితే ఆలస్యంగా పడుతుంది. ఎంత ముందుగా పడితే బండి అంత చురుగ్గా లాగుతుంది. మరీ ముందైతే ఇంజిన్ లోపల చిటచిటమని సన్నటి చప్పుడొస్తుంది. ఇంజిన్ తల కొట్టుకుంటోంది అంటాం. ఆ చప్పుడు లక్ష్యపెట్టకుండా తొక్కితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ఫల్కెట్టా పిస్టన్లు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా దొరకవు.

సరిచేసే పద్ధతి ఒకటే. బండిని ఏటవాలు దారి ఎక్కిస్తూ, మూడో గేరులో, నిదానంగా పోతుండగా యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా పూర్తిగా నొక్కాలి. చప్పుడు రాలేదా, ఆపి బానెట్ ఎత్తి కొంచెం ముందుకు తిప్పాలి. మళ్ళీ ఎక్కించాలి. చప్పుడు వచ్చేదాకా అలా జరుపుతూ పోవాలి. వచ్చాక వెంట్రుకవాసి వెనక్కి తగ్గాలి. అక్కడ బోల్టు బిగించి, డిస్ట్రిబ్యూటర్ మీద నుంచి ఇంజిన్ మీదకి ఎర్ర రంగుతో గీత గీస్తాను. నేను గీత గీశాక బండి సొంతదారైనా సరే దాన్ని ముట్టకూడదు. ముట్టినవాడి బండి మళ్ళీ నేను ముట్టను. ఈ నియమం నేను పెట్టిందే. నలభై ఏళ్ళుగా అందరూ పాటిస్తున్నారు. కొందరు మెకానిక్కులు పుస్తకం చూసి, చిన్న బల్బు పెట్టి సరిచేస్తారు. అది పని నేర్చుకునేవాళ్ళ వ్యవహారం అని వాళ్ళను ఆటపట్టించేవాణ్ణి. పుస్తకం రాసిన నాటి పెట్రోలు ఇప్పుడు లేదు. చెవే కొలత.

లెయార్కో బండిని ముందటి శనివారం అలాగే ఎక్కించాను. నేను చెవి పెట్టేటప్పుడు పక్కన ఎవరినీ కూర్చోనివ్వను. మొదటిసారి చప్పుడు లేదు. తిప్పాను. రెండోసారీ లేదు. తిప్పాను. మూడోసారీ, నాలుగోసారీ లేదు. ఈ ఇంజిన్ ఎంత గట్టిదిరా అని మురిసిపోయాను కూడా. ఐదోసారికి పొద్దుపోయిందని అక్కడే గీత గీసేశాను.

లెయార్కోతో నాది అరవై ఏళ్ళ స్నేహం. పందులు కోసి, ఆ మాంసంతో సలామీలు కట్టి, ఆరబెట్టి అమ్మినవాడు. దుకాణం మూసేశాక బండే వాడి లోకం. వచ్చే ఆదివారం మొంతెరోసో కొండ పందెం. ఎనిమిది కిలోమీటర్లు, ఒక్కొక్క బండినీ నిమిషానికొకటి చొప్పున పైకి వదులుతారు. వాడికి డెబ్బై అయిదు. వచ్చే ఏడు పందెం లైసెన్సు మీద సంతకం పెట్టనని డాక్టరు తెగేసి చెప్పాడు. అంటే ఇదే వాడి చివరి పరుగు.

ఆ పరుగులో వాడి ఇంజిన్ తల కొట్టుకుంటూ పైకి పోతుంది. వాడికి తెలియదు. వాడు సైలెన్సరు లోపలున్నదంతా ఎప్పుడో పీకేశాడు. ఆ హోరులో చర్చి గంట కొట్టినా వాడికి వినపడదు. పిస్టన్ పగిలితే నూనె వెనక చక్రాల కిందికి కారుతుంది. మొంతెరోసో మలుపుల్లో ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

బుధవారం అంతా నడిచాను. ఇంట్లో నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి మళ్ళీ ఇంటికి.

"ఏం పోగొట్టుకున్నావ్?" అంది మా ఆవిడ.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి చెప్పులెందుకు అరగ్గొడుతున్నావ్?"

ఒక ఉపాయం తోచింది. చెప్పక్కర్లేదు. వాడు చూడకుండా డిస్ట్రిబ్యూటర్‌ని వెనక్కి తిప్పి పాత గీత తుడిచి కొత్త గీత గీస్తే చాలు. గురువారం పొద్దున్నే జేబులో పదమూడో నంబరు పానా, రంగు సీసా వేసుకుని వాడింటికి వెళ్ళాను.

వాడు బండిని ఒకప్పుడు సలామీలు ఆరేసిన నేలమాళిగలో పెడతాడు. కొక్కేలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి. వాడి బండిలో ఎక్కితే ఇప్పటికీ మిరియాలు, వెల్లుల్లి వాసన. లెయార్కో మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల ఊచలు పాత పళ్ళకుంచెతో తోముతున్నాడు.

"రారా మేస్త్రీ! ఇదిగో, నీ చెయ్యి ఇలా తే, ముద్దు పెట్టుకోవాలి. నిన్న సెర్రామజ్జోని దాకా ఎక్కించా. నలభై రెండేళ్ళలో ఇది ఇలా లాగలేదురా. వెనక నుంచి గాడిద తన్నినట్టు తోస్తోంది."

"ఒకసారి బానెట్ ఎత్తు."

"ఎందుకు?"

"చూడాలి."

"చూడ్డానికేముందక్కడ? నీ గీతే ఉంది." వాడు లేచి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "పందెం అయ్యేదాకా దీని మీద ఎవడు చెయ్యి వేసినా సరే, పందిని కోసిన కత్తి ఇంకా ఉంది నా దగ్గర. నువ్వైనా సరే."

"కొంచెం వెనక్కి తగ్గిస్తే..."

"గీత గీశాక ముట్టకూడదని ఎవరు పెట్టారు రూలు? నేను పెట్టానా? ఎనభై మూడులో ఒక్క స్క్రూ తిప్పానని రెండేళ్ళు నా బండి మొహం చూడలేదు నువ్వు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. వాడు సలామీ నాలుగు ముక్కలు కోసి, రొట్టెలో పెట్టి చేతికిచ్చాడు. నమిలాను. గెర్రీనోని ఈసారి ఎలా వెనక్కి నెడతాడో వాడు చెబుతున్నాడు. ఇద్దరిదీ ఒకే రకం బండి, ఒకే తరగతి. ఆరేళ్ళుగా గెర్రీనోదే పైచెయ్యి. గెర్రీనో పక్క ఊళ్ళో టైల్స్ వ్యాపారి. వాడు కొండ దిగేటప్పుడు లెయార్కో వంక చూసి హారన్ రెండుసార్లు నొక్కుతాడు. ఆ రెండు హారన్లూ లెయార్కో ఏడాదంతా మోస్తాడు.

"ఈసారి ఆ హారన్ ఎక్కడ పెట్టుకుంటాడో చూస్తా," అన్నాడు.

గెర్రీనో బండికి మే నెలలో నేనే గీత పెట్టాను.

ఇంటికొచ్చి కాగితం తీసుకుని రాసుకున్నాను. చలికాలం నుంచి నా గీత పడ్డ బళ్ళు పదకొండు. తొమ్మిది మందికి తొందర లేదు. వాళ్ళు ఆదివారం పొద్దున కాఫీకి వెళ్ళొస్తారు, నూనె వేడెక్కేదాకా ఇంజిన్‌ని నిమిషానికి మూడు వేల చుట్లు దాటించరు. మిగిలిన రెండూ ఆదివారం మొంతెరోసో ఎక్కుతాయి.

ఇంకా ఒక ఆశ ఉండేది. కీచురాళ్ళు వినపడనంత మాత్రాన ఇంజిన్ చప్పుడు వినపడదని ఏముంది? శుక్రవారం నా బండి డిస్ట్రిబ్యూటర్‌ని కావాలనే బాగా ముందుకు తిప్పి, దాన్ని వేసుకుని నీవెస్ ఇంటికి వెళ్ళాను.

"నాతో ఒకసారి కొండెక్కుతావా?"

ఆమె సూది నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. సూది తీసింది. "నలభై ఏళ్ళలో నీ పక్కసీట్లో నీ పెళ్ళాం తప్ప ఎవరూ కూర్చోలేదని ఊరంతా అంటారు. ఇప్పుడు నాకెందుకొచ్చింది ఈ మర్యాద?"

"ఎక్కు."

ఎక్కింది. ఊరు దాటాక ఏటవాలు మొదలైంది. మూడో గేరులో వేసి, బండి ఈసురోమంటున్నప్పుడు పూర్తిగా నొక్కాను. బండి లేచింది. నాకు ఇంజిన్ హోరు వినిపించింది. గేర్ల గుర్రు వినిపించింది. అంతే.

"ఏమైనా వినిపించిందా?"

"ఏంటి వినిపించేది?"

"సన్నగా."

మళ్ళీ నొక్కాను. ఆమె తల పక్కకు వంచింది. కుట్టుమిషను సూది మొద్దుబారితే చప్పుడుతోనే పట్టేసే మనిషి ఆమె.

"ఆఁ, చిటచిటమంటోంది. రేకుడబ్బాలో ఎండు చిక్కుడు గింజలు పోసి ఊపినట్టు. బాగా గట్టిగానే ఉంది," అంది. నా వైపు తిరిగింది. "నీకు వినపడట్లేదా?"

బండి పక్కకు ఆపాను.

"మంగళవారం కూడా నీకు వినపడలేదు కదూ, కీచురాళ్ళు."

నేను స్టీరింగు చక్రం వంకే చూశాను.

"లెయార్కోకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి చెప్పవయ్యా! నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతా."

"ఎప్పుడు? వాడి సంతాప సభలోనా?"

ఆ సాయంత్రం లెయార్కోకి ఫోన్ చేశాను. వాడు ఎత్తాడు. వాతావరణం గురించి మాట్లాడాను. ఆదివారం వాన పడదట అన్నాను. పెట్టేశాను. మా ఆవిడ సోఫాలో నుంచి నన్ను చూసింది. నేను వాతావరణం గురించి ఎవరికైనా ఫోన్ చెయ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం మొంతెరోసో కింద ఊరికి వెళ్ళాను. అక్కడ చౌకులో తాడు కట్టి బళ్ళన్నీ లోపల పెట్టారు. పందెం అధికారులు ఒక్కొక్క బండినీ చూస్తున్నారు. బ్రేకులు, పట్టీలు, చక్రాలు. అంతా బాగుంటే బానెట్‌కి తీగ కట్టి సీసం ముద్ర వేస్తారు. ముద్ర పడ్డాక బానెట్ ఎత్తకూడదు. ఎత్తినవాడు పందెంలో లేనట్టే.

నేను వెళ్ళేసరికి లెయార్కో బండికి ముద్ర పడిపోయింది. నంబరు ముప్ఫై ఒకటి. గెర్రీనోది నలభై నాలుగు. దానికీ పడింది.

ఉదయమే వచ్చి ఉంటే ముద్రకు ముందే పని అయిపోయేది. ఉదయం నేనేం చేశానంటే నా బండి కడిగాను. మట్టి లేదు. అయినా కడిగాను.

లెయార్కో చుట్టూ పదిమంది మూగారు. వాడు నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. "ఇదిగో, వచ్చాడు! అడగండి, వీణ్ణే అడగండి. మిషన్లు లేవు, కంప్యూటర్లు లేవు. రెండు చెవులు. ఈ చెవులు పోతే మన బళ్ళన్నీ పాత ఇనుమే!"

అందరూ నవ్వారు. ఒకడు నా చెవి పట్టుకుని ఊపాడు. నేనూ పెదాలు సాగదీశాను.

"లెయార్కో, ఒక మాట," అన్నాను.

"చెప్పు."

పదిమందీ నా నోటి వంక చూస్తున్నారు.

"రేపు... టైర్లలో గాలి చూసుకో."

"చూశాన్రా, నాన్నా," అన్నాడు వాడు. మళ్ళీ నవ్వులు. తాడు అవతల నీవెస్ నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

రాత్రి కన్ను మూతపడలేదని చెప్పడం దండగ.

ఆదివారం ఎనిమిదింటికి బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి పందెం గీత వైపు వరుస కట్టాయి. గీత దగ్గర జెండా మనిషి నిమిషానికొక బండిని వదులుతున్నాడు. ఒక్కొక్కటి వెళ్ళినప్పుడల్లా వరుస ఒక బండి జరుగుతోంది. నేను వెళ్ళేసరికి పద్దెనిమిదో నంబరు బయలుదేరింది. లెయార్కో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేతికి పాత తోలు తొడుగులు. ఇంజిన్ తిరుగుతోంది. వాడి బండి తలుపు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాను. బండి జరిగితే జరిగాను, ఆగితే ఆగాను.

"ఏంట్రా, పెళ్ళికూతురి వెంట అత్తారింటికి పోయే తోడుపెళ్ళికూతురిలాగా?" అన్నాడు.

ఇరవై రెండు బయలుదేరింది. ఇరవై మూడు.

"లెయార్కో, నాకు చెవులు వినపడవు."

"నీకెప్పుడు వినపడ్డాయి? మీ ఆవిడ బజారుకెళ్ళమంటే నీకు పుట్టుచెవుడేగా."

"ఇంజిన్ తల కొట్టుకోవడం వినపడదు. నీ బండి మీద ఉన్న గీత తప్పు. చాలా ముందుకెళ్ళిపోయింది. ఐదు డిగ్రీలు. ఆరేమో."

వాడి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. ఇరవై నాలుగు బయలుదేరింది. వెనక బండివాడు జరగమని హారన్ కొట్టాడు.

"ఎప్పట్నించి?"

"తెలియదు. చలికాలం నుంచేమో. మంగళవారం తెలిసింది."

"మంగళవారం." వాడు వేళ్ళు లెక్కపెట్టాడు. తొడుగుల వేళ్ళు. "మంగళ, బుధ, గురు. గురువారం నా ఇంట్లో నా సలామీ తిన్నావ్. శుక్రవారం ఫోన్ చేసి వాన రాదన్నావ్. నిన్న టైర్లలో గాలన్నావ్."

"అవును."

"నీ బుద్ధికి..." వాడు మిగతాది మింగాడు. ముందున్న కొండ వంక చూశాడు. "ఎనిమిది కిలోమీటర్లురా. ఆరు నిమిషాలు. ఆరు నిమిషాలు తట్టుకోదా అది? నలభై రెండేళ్ళు తట్టుకుంది."

తట్టుకుంటుంది అంటే చాలు. వాడు అదే అడుగుతున్నాడు. వాడి కళ్ళు అదే అడుగుతున్నాయి.

"తట్టుకోవచ్చు. తట్టుకోకపోవచ్చు," అన్నాను. "తట్టుకోకపోతే మూడో మలుపు తర్వాతే పగులుతుంది. నిటారు అక్కడే. నూనె వెనక చక్రాల మీదకొస్తుంది. నీకు తెలిసేసరికి బండి నీ మాట వినదు."

"సగమే తొక్కుతా."

"నువ్వా?"

ఎప్పుడైనా ఏ బండినైనా సగం తొక్కినవాడు కాదు వాడు. ఇరవై ఆరు బయలుదేరింది. వెనక హారన్లు రెండయ్యాయి. వాడు కీ తిప్పి ఇంజిన్ ఆపేశాడు. వాడి బండి ఆగిపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

"ఓ అయ్యా!" అని పందెం అధికారిని పిలిచాడు. "కత్తెర ఉందా?"

అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో ఈల. "ముద్ర తెంచితే మీ టైము లెక్కలోకి రాదండి. తెలుసు కదా?"

"నువ్వు పుట్టకముందు నుంచి తెలుసు. తెంచు."

"ఒకసారి ఆలోచించండి. మీకిది చివరి..."

"తెంచమన్నానా!"

తీగ తెగింది. మేమిద్దరం, అధికారి, వెనక బండివాడు కలిసి బండిని గడ్డిలోకి తోశాం. లెయార్కో బానెట్ ఎత్తాడు. ఎర్ర గీత నిగనిగలాడుతోంది. వాడు దాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దాడు. రంగు పోలేదు.

"ఎన్ని బళ్ళకు పెట్టావిలా?"

"పదకొండు."

"ఈ వరుసలో?"

"నీది కాక ఇంకొకటి. గెర్రీనో."

వాడు నా వంక తిరిగాడు. "వాడికి చెప్పావా?"

"ముందు నీకు చెప్పాలనుకున్నా."

"ఎంత మర్యాదరా నీది! మరి ఇక్కడ నిలబడి నా మొహం చూస్తున్నావేం? పరిగెత్తు!"

గెర్రీనో బండి వరుసలో పదమూడు బళ్ళ వెనక ఉంది. నాకు డెబ్బై రెండేళ్ళు. పరుగో నడకో తెలియని ఒక రకంగా వెళ్ళాను. పక్కన బళ్ళు నాకు ఎదురుగా జరుగుతున్నాయి. గెర్రీనో హెల్మెట్ అప్పటికే పెట్టుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు. వేలితో చక్రం మీద తాళం వేస్తున్నాడు.

"ఇంజిన్ ఆపు," అన్నాను. "నీ గీత తప్పు. మేలో పెట్టింది. నాకు చెవులు పోయాయి. ఇంజిన్ తల కొట్టుకుంటుంది, పిస్టన్ పగులుతుంది."

వాడు కళ్ళద్దాలు పైకెత్తాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నోరంతా తెరిచి నవ్వాడు.

"లెయార్కో పంపించాడా?"

"కాదు."

"మేస్త్రీ, నువ్వు మూడు మాటలు కలిపి మాట్లాడగా నేను చూళ్ళేదు. ఇవాళ ఇంత ఉపన్యాసమా? ఆ పందుల వ్యాపారి బాగా వల్లె వేయించాడే. నన్ను భయపెట్టి సగం తొక్కించాలనా?"

"వాడు తప్పుకున్నాడు. చూడు."

వాడు మెడ చాచి చూశాడు. గడ్డిలో ఎర్ర బండి, ఎత్తిన బానెట్, దాని పక్కన చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డ లెయార్కో కనిపించారు. గెర్రీనో నవ్వు ఆగింది. ఏదో లెక్క వేసుకుంటున్నాడని తెలిసింది. మళ్ళీ నవ్వాడు, ఈసారి వేరే రకంగా.

"అయితే మా తరగతిలో ఇంకెవడున్నాడు? నేనొక్కణ్ణే. ఊరికే పైకి వెళ్ళొచ్చినా కప్పు నాదే. నెమ్మదిగా వెళతాలే, మేస్త్రీ. నీ మాట మీద గౌరవంతో."

"నెమ్మదిగా వెళ్ళవు. జనం చూస్తుంటే ఎవడూ నెమ్మదిగా వెళ్ళడు."

"జరుగు."

వరుస కదిలింది. వాడు గేరు వేశాడు. ముప్ఫై ఎనిమిది బయలుదేరింది. వాడి ముందు ఇంకో అయిదు బళ్ళు. నేను తలుపు మీద చెయ్యి తియ్యలేదు. వాడు అద్దంలో వెనక చూసుకుంటూ, హెల్మెట్ పట్టీ సరిచేసుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు.

ఫల్కెట్టాలో కీ చక్రానికి ఎడమ పక్కన ఉంటుంది, తలుపు వైపే. పరుగెత్తుకొచ్చి ఎక్కినవాడు ఎడమ చేత్తో కీ తిప్పుతూ, కుడి చేత్తో గేరు వెయ్యాలని అలా పెట్టారు. చెయ్యి లోపల పెట్టి కీ తిప్పి లాగేశాను. ఇంజిన్ ఆగింది. కీ నా ప్యాంటు జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

గెర్రీనో హెల్మెట్ పీకేశాడు. బయటికి రావడానికి ఒక చెయ్యి రోడ్డు మీద పెట్టాడు. తర్వాత మోకాలు. వాడికీ అరవై దాటాయి. లేచేసరికి మొహం కందిపోయింది. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. అధికారి ఈల వేస్తున్నాడని వాడి బుగ్గలు చూసి తెలుసుకున్నాను.

"దొంగ! ముసలి దొంగ! చెవిటి గాడిద! మీ ఇద్దరినీ కోర్టుకీడుస్తా! తే ఇటు!"

నేను ఇవ్వలేదు. వాడు నా చొక్కా పట్టుకున్నాడు. ఒక గుండీ ఊడి రోడ్డు మీద పడింది. అప్పుడు వరుస పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. పెద్ద చెయ్యి, ఇంకా తోలు తొడుగుతోనే ఉంది.

"వదలరా గెర్రీనో," అన్నాడు లెయార్కో. రొప్పుతున్నాడు. "వీణ్ణి కొట్టాలంటే ముందు నాది వంతు. వరుసలో రా."

"నీ కోసమే చేశాడు వీడు!"

"నా కోసమా? నా పరుగు పోగొట్టాడు వీడు. నీకింకా పదేళ్ళుంది." లెయార్కో నా వంక చూడలేదు. "బానెట్ ఎత్తించుకో. పుస్తకం, బల్బు పట్టుకుని ఎవడైనా నేర్చుకునేవాణ్ణి పిలిపించి చూపించు. వీడు చెప్పింది అబద్ధమైతే సాయంత్రం నా బండి నీకు రాసిస్తా. సరేనా?"

గెర్రీనో నా చొక్కా వదిలాడు. గడ్డిలో ఉన్న లెయార్కో బండి వంక చూశాడు, తన బండి వంక చూశాడు. చాలాసేపు తిట్టాడు. మా ఊరి తిట్లు, పక్క ఊరి తిట్లు, చర్చిలో అనకూడని తిట్లు. గొంతు బొంగురుగా ఉండబట్టి ఒక్కటీ పోకుండా నాకన్నీ వినిపించాయి. తర్వాత తలుపులోకి చెయ్యి పెట్టి, చక్రం పట్టుకుని, బండిని వరుసలోంచి గడ్డిలోకి తొయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కడి వల్ల కాలేదు. నేను వెనక నుంచి భుజం ఆనించాను.

"నువ్వు ముట్టకు," అన్నాడు.

భుజం తీశాను. లెయార్కో వచ్చి తోశాడు.